తేడా లేదు

నాంపల్లి కోర్టులో నకళ్ళ విభాగం. తీర్పు కాపీ బయటికి పోవాలంటే ఒకరు అసలును పైకి చదవాలి, ఇంకొకరు టైపు చేసిన నకలు మీద వేలు జరుపుతూ సరిచూడాలి. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా.

“గీ విడాకుల కేసు వేరే జతకు ఇయ్యమంటరా?” విభాగం పెద్ద జనార్దన్ తలెత్తకుండానే అడిగాడు.

“ఎందుకు సార్? మేమే చూస్తం,” అంది ప్రభావతి.

ఆమెకు జతగా అమరేశ్వరరావు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు గుంటూరు నుంచి వచ్చిన మనిషి. ఇన్నేళ్ళయినా ఆఫీసులో మాట తక్కువే. నకలు ముందుకు లాక్కున్నాడు.

లోపల మాత్రం ఒకే ఆశ. ఒక్క తేడా దొరికితే చాలు. కాగితం మళ్ళీ టైపుకు పోతుంది, ఆ కాపురానికి సోమవారం దాకా ఆయుష్షు పెరుగుతుంది. కాగితం చేతికి ముట్టేదాకా ఏదీ తెగినట్టు కాదని అతని లెక్క.

కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. విడాకులూ అంతే కాబోలు.

ప్రభావతి రేడియోలో ధరవరలు చదివినట్టు చదువుతోంది. “నుమాయిష్ ప్రదర్శన జనంలో భార్యను వదిలేసి, కామా, భర్త ఒక్కడే ఇల్లు చేరాడు, ఫుల్‌స్టాప్.”

అతని వేలు ఆగింది.

“తేడా వచ్చిందా?”

“లేదండి.”

“మరి ఆగిన్రేంది?”

“చదవండి.”

నాంపల్లి స్టేషన్లో రైలు కూసింది. ఇలాంటిది వింటే బాధ వేయాలి కదా అనుకున్నాడు. వేయలేదు. వేలు మళ్ళీ లైను మీద జరిపాడు.

“పిల్లలు లేరు, కామా, రాజీకి ఇద్దరూ ఒప్పుకోలేదు, ఫుల్‌స్టాప్.”

‘ఇద్దరూ’ దగ్గర ఆమె గొంతు కాస్త తడబడింది. అమరేశ్వరరావు తలెత్తాడు. ఆమె అప్పటికే తర్వాతి లైనులో ఉంది.

చివరి పేజీ కూడా అయిపోయింది. టైపిస్టు కిషన్ పనితనం మీద మొదటిసారి అతనికి ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం తప్పు కొట్టలేదు మహానుభావుడు.

“అంతా కలిసిందా?”

“కలిసింది.”

సరిచూసినట్టు ఇద్దరూ అడుగున సంతకాలు చేశారు. ప్రభావతి ముద్ర వేసి, రిజిస్టరు తెరిచింది.

భార్య తన కాపీ ముట్టిందని సంతకం చేయాల్సిన గడిలో తన పేరే రాసి, భర్తకు చెందాల్సిన కార్బన్ కాపీని అమరేశ్వరరావు చేతికిచ్చింది.