నిమ్మకాయలు తొక్కించిన కారు

కోటేశ్వరరావు చేతిలో కొత్త కారు తాళం ఒక్కటే ఉంది. పాత కారు వారం క్రితమే ఎక్స్ఛేంజ్ కింద డీలర్‌కే ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ డీలరే మళ్లీ షోరూమ్‌కి పిలిపించాడు.

"మీ లోన్ బ్యాంక్ రిజెక్ట్ చేసింది. ఎక్కువ వడ్డీకి సంతకం పెట్టండి, లేదా కారు వదిలి వెళ్లండి," అన్నాడు డీలర్.

కోటేశ్వరరావు పెన్ను తీశాడు.

"ఆగండి," అంది భార్య ఛాయాదేవి, తెలుగు రాని డీలర్‌కి అర్థం కాకుండా తెలుగులో.

"నువ్వుండు. పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన కారు వాపస్ ఇస్తే అపశకునం."

"బేరం కాన్సిల్ అంటున్నది వాళ్లు. మరి మన పాత కారు మనకివ్వాలిగా? అడగండి."

అడిగాడు. డీలర్ చూపు తిప్పుకున్నాడు.

"అది... అమ్మేశాం."

"ఇప్పుడు కాన్సిల్ చేయమనండి చూద్దాం," అంది ఛాయాదేవి.

డీలర్ మేనేజర్ గదిలోకి వెళ్లొచ్చి, పాత వడ్డీకే ఖాయమన్నాడు.

కోటేశ్వరరావు లెక్క చూసుకున్నాడు. కారు దక్కింది, అదనపు వడ్డీ తప్పింది. ఇన్నేళ్లూ ఇంట్లో బేరాలన్నీ తానే చేయడం వల్ల ఎంత పోయిందో మాత్రం తేలలేదు.