అవతలి చక్రం

బావమరిది మీద మెకానిక్‌కి ఒళ్ళు మండిపోతోంది. కొండదారుల్లో తిరిగే జీపు వెనక డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాల్ని తిప్పే పళ్ళచక్రాల పెట్టె, విప్పి బిగించింది ఆ మహానుభావుడే. వారం తిరక్కుండా లోపల మళ్ళీ టక్కుమంటోంది. తెల్లారితే అదే బండిలో పసిపిల్లలు కొండెక్కాలి.

రాత్రి షెడ్డులో బావాబావమరదులిద్దరే ఉన్నారు. మెకానిక్ వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, అవి కలిసే తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ వేశాడు. ఒకరు అవతలి చక్రాన్ని కదలకుండా పట్టుకుంటే, ఇవతలిది ఎంత ఊగితే లోపల అంత లూజున్నట్టు.

కోపంతో వాడి మొహం కూడా చూడబుద్ధి కాలేదు. "అవతలి చక్రం పట్టుకో. అదన్నా సరిగ్గా ఏడువు" అంటూ ఇవతలి చక్రం పక్కన నేలమీద కూలబడ్డాడు.

చక్రం ఊపాడు. టక్. మళ్ళీ టక్.

"గట్టిగా పట్టుకోరా. అన్నం తినడం లేదూ?"

అవతల పట్టు బిగిసింది. ఇక చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నా లోపలి లూజు ఎక్కడికి పోతుంది?

మెకానిక్ వెనక షెడ్డు తలుపు కిర్రుమంది.

"టార్చిలైటు తెద్దామని ఇందాకే ఇంట్లోకెళ్ళా బావా. ఎవర్ని తిడుతున్నావ్?"

మెకానిక్ చప్పున చేతులు తీసేశాడు. చక్రం దానంతటదే ఊగింది. టక్. మళ్ళీ టక్.

జీపు అవతల నుంచి, అచ్చం తన గొంతే, అదే కోపంతో పలికింది.

"గట్టిగా పట్టుకోరా."