ఇంకా ఇరవై ఎపిసోడ్లే

ప్రెస్సు భోజనాల గదిలో ఉన్నది ఒక్కటే టీవీ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా అందులో క్రికెట్ తప్ప ఇంకోటి పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

అలాంటిది, బైండింగ్‌లో కొత్తగా చేరినతను నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి, ఆ అరగంటా సీరియల్ పెట్టుకోనివ్వమని అడిగాడు.

"ఇంకా ఇరవై ఎపిసోడ్లే అన్నా. తర్వాత అడగను."

బదులుగా అందరి జిగురు బకెట్లూ తనే కడుగుతానన్నాడు. దాంతో అందరి నోళ్లూ మూతపడ్డాయి.

అదెక్కడో సముద్రాల అవతల తీసిన సీరియల్. పెదవులు ఒకలా కదిలితే మాటలు ఒకలా వచ్చేవి. హీరోయిన్‌కి ఇద్దరు కవలలు, ఒక శత్రువు, పోయిన జ్ఞాపకశక్తి. అందరూ పగలబడి నవ్వారు. అతనికి 'సీరియల్ బావ' అని పేరు పెట్టేశారు.

విడ్డూరం ఏమిటంటే, అతను టీవీ వైపే చూసేవాడు కాదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కళ్లు మూసుకునేవాడు. క్యారేజీ మూత కూడా తీసేవాడు కాదు.

"చూడని సీరియల్ కోసం మా మ్యాచ్ మింగేశావు కదయ్యా," అని కటింగ్ మిషనతను వాపోయాడు.

హీరోయిన్ మాట్లాడేటప్పుడు మాత్రం గోల చేయొద్దని బతిమాలాడు. హీరో అరుస్తున్నప్పుడు ఎవరేం చేసుకున్నా పట్టించుకునేవాడు కాదు.

ఆ అరగంట తప్ప రోజంతా అతనికి ఏమీ తెలిసేది కాదు. వేలికి దబ్బనం దిగినా, కాగితం ఎర్రబడ్డాకే చూసుకునేవాడు.

రెండో వారానికి మ్యాచ్ అడిగేవాళ్లే లేకుండా పోయారు. ఫోర్‌మన్ అయితే విలన్‌ని నోటికొచ్చినట్టు తిట్టేవాడు. హీరోయిన్‌కి పెళ్లి కుదిరిందని అందరూ సంబరపడ్డారు.

ఇరవయ్యో ఎపిసోడ్ శుక్రవారం వచ్చింది. ఆ రోజు అతను కుర్చీ తెచ్చి టీవీకి ఆనించి వేసుకున్నాడు. చివర్లో హీరోయిన్ ఎవరితోనో, "తలుపు వేసుకో, వాన పడేలా ఉంది," అంది. అతను తలూపాడు.

సోమవారం అందరూ అతని కోసం ముందు కుర్చీ ఖాళీగా ఉంచారు. అతను రాలేదు. ఫోర్‌మన్ వెతుక్కుంటూ వెళ్తే, వెనక షెడ్డులో కాగితపు కట్టల మీద కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఇరవై ఎపిసోడ్లే అంటే శుక్రవారంతో సీరియల్ అయిపోతుందనుకున్నా కదయ్యా, ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ పెళ్లి మొదలైపోయింది, రా."

"మీరు చూడండన్నా. నాకు అయిపోయింది."

"అయిపోవడమేంటి? ఆ పిల్ల గొంతు కాస్త జలుబు చేసినట్టుంది గానీ, అదే మనిషి, అదే కథ. నీకేమొచ్చింది?"

అతను క్యారేజీ మూత పెట్టాడు.

"ఆ అమ్మాయికి డబ్బింగ్ చెప్పింది మా ఆవిడన్నా, పోయేలోపు శుక్రవారం ఎపిసోడ్ దాకే చెప్పగలిగింది."