మంచులేని పందెం

“పడిపోతావమ్మాయ్! మగపిల్లలకే చేతకావడం లేదు,” అన్నాడు ఎస్టేటు దొర.

ఆయన కుర్రతనంలో ఉత్తరధ్రువం దగ్గర మంచు మీద కుక్కలబండి పందేలు ఆడినవాడు. మలయాకి స్వతంత్రం వచ్చిన మెర్డెకా సంబరాలకి ఇక్కడా అదే పందెం పెట్టాడు. మంచెక్కడిది? చెక్కలకి సైకిలు చక్రాలు బిగించి, బండికి నాలుగు కుక్కల్ని కట్టి, రబ్బరు తోటల మధ్య ఎర్రమట్టి రోడ్డు మీద తోలాలి.

గుమాస్తా గోవిందసామి కూతురు రత్నావతి వినలేదు.

కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్ళ సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో ఆమె అన్న నాగప్పన్ అడివిలో వాళ్ళతో కలిశాడు. శవమై తిరిగొచ్చాడు. అప్పుడామె ఇపో పట్నంలో పిన్ని ఇంట్లో చదువుకుంటోంది. ఎలా జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చేసి, అప్పట్నించీ ఆమె గుమ్మం దాటడం మానేసింది.

మళ్ళీ బయటికి లాగింది దొర కొత్తగా తెచ్చిన నల్లకుక్క బ్లాకీ. దానికి ఇంగ్లీషు మాటే తెలుసు. ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. రత్నావతిని చూడగానే మాత్రం గొలుసు తెంపుకున్నంత పనిచేసింది. ఆమె చేతులూ పావడా అంచూ వాసన చూసి, పాదాల దగ్గర పడుకుంది.

‘అన్నే పంపించినాడు,’ అనుకుంది.

తోలడం నేర్చుకోడానికి బండికి దాన్నే ముందు కట్టింది. పడింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి, లేచింది. అడివి అంచున మలుపు దగ్గర మాత్రం బ్లాకీ ఆగిపోయేది. చెట్లలోకి చూస్తూ మూలిగేది. అక్కడెవరో నిలబడి తమనే చూస్తున్నట్టు ఆమెకి అనిపించేది.

తల్లి కమలాక్షి ఆ కుక్క పేరెత్తితే చాలు, లోపలికి వెళ్ళిపోయేది.

పందెంలోనూ బ్లాకీ అక్కడే ఆగింది. వెనక బండ్లు దాటిపోతున్నాయి. రత్నావతి దిగి దాని మెడ కావలించుకుంది.

“నాకూ అన్న అవుపిస్తన్నాడు. పద, పోదాం,” అంది తెలుగులోనే.

అది కదిలింది. ఇక ఎవరికీ అందలేదు.

దొర టోపీ తీశాడు. మగపిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

సాయంత్రం ఆమె మెడలో దండతో, పక్కన కుక్కతో ఇంటికొచ్చింది. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇకమీదట ఇది మనకాడే ఉంటాది. దొరని అడిగేసినాను. ఏటమ్మా, అలా సూస్తావు? మొదటి రోజునే నన్ను గుర్తుపట్టేసినాది, తెలుసా?”

కమలాక్షి కూతురి చెయ్యి పట్టి కుక్క దగ్గర్నించి లాగింది.

“నిన్ను కాదే... మిలిటరీవోళ్ళు మన గుమ్మంలోనే మీ అన్న సొక్కా వాసన సూపించి అడివిలోకి ఒదిలినది దీన్నే.”