ఫైలుకు తరుగు

"ఇది తగ్గింది," అన్నాడు బుల్లయ్య కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

ఏం తగ్గిందో లక్ష్మీకాంత్‌కు అర్థం కాలేదు.

"మన ప్లాను. హైదరాబాదులో ఆ అమ్మాయి కంప్యూటర్లో ఇరవై అయిదు ఎంబీ ఉంది. నా కళ్ళతో చూశాను. గుంటూరు వచ్చేసరికి ఇరవై నాలుగు కూడా లేదు. దారిలో తరుగు పోయింది."

మిర్చి యార్డులో తరుగంటే ఆషామాషీ వ్యవహారం కాదు. బస్తాలో తేమ ఉందనీ, తాలుకాయ ఉందనీ, ఆరితే బరువు తగ్గుతుందనీ రైతు తూకంలో కొంత కోసేస్తారు. ఆ కోతల్లోనే జుట్టు నెరిసిన కమీషన్ వ్యాపారి బుల్లయ్య. కానీ కంప్యూటర్ ఫైలుకు తరుగు లెక్క కట్టినవాడు మాత్రం యార్డు పుట్టాక ఇతనొక్కడే.

ఇద్దరూ కలిసి ప్రత్తిపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. పత్తి వేసి ఉన్న పొలం కొన్నారు. బ్యాంకు లోను ఖాయమైంది. ప్రొక్లెయినర్ మాట్లాడారు. కార్తీకంలో ముహూర్తం పెట్టించారు. ఇక మిగిలింది ప్లాను మీద ఇద్దరి సంతకాలే. లక్ష్మీకాంత్ పెట్టేశాడు. బుల్లయ్య పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

లక్ష్మీకాంత్ వయసులో చిన్నవాడు, వ్యాపారంలో గట్టివాడు. జాలి, దయ అంటూ ఎవరైనా మాట్లాడితే వాళ్ళతో లావాదేవీ అక్కడికక్కడే తెంచుకుంటాడు. బేరంలో మొండికేసేవాణ్ణి మాత్రం ఓపిగ్గా భరిస్తాడు, ఎందుకంటే తనూ అదే బాపతు. అందుకే కోపాన్ని దిగమింగి హైదరాబాదుకు ఫోన్ చేశాడు.

ఆర్కిటెక్టు జ్యోతిర్మయి తన తెల్లటి యాపిల్ లాప్‌టాప్ పట్టుకుని స్వయంగా వచ్చింది. మంచి పిల్ల. విసుక్కోలేదు. లాప్‌టాప్‌ను ఆఫీసు కంప్యూటర్ పక్కన పెట్టి, రెండింట్లోనూ అదే ఫైలు తెరిచి చూపించింది. ఒక్కో గోడా, ఒక్కో తలుపూ పోల్చి చూపించింది. తేడా లేదు.

"సరుకు ఒకటేనండి. తూకం రాళ్ళు వేరు. మా కొత్త సిస్టంలో కిలో అంటే వెయ్యి. విండోస్‌లో కిలో అంటే వెయ్యీ ఇరవై నాలుగు. పెద్ద రాయితో తూస్తే అంకె తగ్గుతుంది, అంతే."

బుల్లయ్య శ్రద్ధగా విన్నాడు. తల కూడా ఊపాడు. ఒప్పుకున్నాడనుకుని లక్ష్మీకాంత్ ప్లాను ముందుకు జరిపాడు.

"రెండు రకాల రాళ్ళు పెట్టుకున్నవాణ్ణి యార్డులో ఏం చేస్తారో తెలుసా అమ్మా?" అన్నాడు బుల్లయ్య. "ఇన్నేళ్ళూ రైతుకు తరుగు తీసినవాణ్ణి నేను. నాకే తరుగు తీస్తారా?"

జ్యోతిర్మయి లాప్‌టాప్ మూసేసింది.

ఆ తర్వాత బుల్లయ్య ఆగడం చెప్పనలవి కాదు. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్లన్నీ తిరిగాడు. ఎక్కడ పెట్టినా అదే అంకె. గుంటూరు కంప్యూటర్లన్నీ కూడబలుక్కున్నాయన్నాడు. ఫైలు మళ్ళీ పంపమన్నాడు. పంపారు. తేమ తగిలి ఉంటుందేమో, సీడీలో వేసి పంపమన్నాడు. అదీ పంపారు.

యార్డంతా నవ్వింది. ఫైలును ఎండలో ఆరబెట్టకపోయావా అని హమాలీలు సైతం ఎగతాళి చేశారు. బుల్లయ్య ఎవరి మాటా ఖాతరు చేయలేదు. తలెత్తుకునే తిరిగాడు. ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న పరువు ఒక అంకె కోసం గంగలో కలుస్తుంటే చూసేవాళ్ళకే బాధేసింది.

కార్తీకం ముహూర్తం దాటిపోయింది.

ఇక లక్ష్మీకాంత్ ఓపిక అయిపోయింది. లాయరు దగ్గరికెళ్ళి విడిపోయే కాగితాలు రాయించాడు. వాటిని తెచ్చి బుల్లయ్య ముందు పడేశాడు.

"బాబాయ్, మార్గశిరంలో ఆఖరి ముహూర్తం ఉంది. అదీ పోతే ఇక శూన్యమాసమే. ఆలోపు ప్లాను మీద సంతకం పెడతావో, ఈ కాగితాల మీద పెడతావో తేల్చుకో."

కోల్డ్ స్టోరేజీ బుల్లయ్యకు పెళ్ళినాటి నుంచీ ఉన్న కల. వాటా పోతే ఇంకొకటి కట్టే వయసూ లేదు, శక్తీ లేదు. ఆ సంగతి ఎదురుగా కూర్చున్నవాడికీ తెలుసు. బుల్లయ్య కాగితాలు వెనక్కి నెట్టాడు.

"తూకం సరిపోనిదే పలుగు దిగనివ్వను. ఏం చేసుకుంటావో చేసుకో."

ముహూర్తం దగ్గరికొచ్చేసింది. ఒక మధ్యాహ్నం బుల్లయ్యే ఆఫీసుకొచ్చాడు. జ్యోతిర్మయి కూడా ఉంది, తన డ్రాయింగులు వెనక్కి తీసుకుపోదామని వచ్చింది. ఫైలు ఇంకోసారి తెరవమన్నాడు. తెరిచింది. అవే గీతలు, అదే అంకె. బుల్లయ్య కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూశాడు.

"ఇప్పుడు సరిపోయింది," అని పెన్ను తీసి సంతకం పెట్టాడు.

జ్యోతిర్మయి ఏదో అనబోయింది. లక్ష్మీకాంత్ కళ్ళతోనే వారించి, ముసలాయన మనసు మారేలోగా ప్లాను బ్యాగులో పెట్టి ప్రొక్లెయినర్ డ్రైవర్‌కు ఫోన్ చేశాడు. బుల్లయ్య టీ తాగి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రొక్లెయినర్ దిగేసరికి పొలంలో వట్టి పత్తికట్టె ఉంది.

కాయ పగలకముందే చేను దున్నేస్తారని తెలిసి, కార్తీకానికి ముందు బుల్లయ్య గుమ్మంలో వచ్చి కూర్చున్న ఆ పొలం కౌలు రైతు సర్దార్‌బీ, అతను సంతకం పెట్టిన రోజు పొద్దున్నే ఆఖరి తీత పత్తిని ఇంటికి చేర్చుకుంది.