పాలు పొంగించే పొయ్యి

కూడు గొట్టాల్లో వస్తున్న కాలంలో ఇంట్లో పొయ్యి కట్టుకోవాలంటే అనుమతి కావాలి. "పాలు పొంగకుండా కొత్తింటి గడప తొక్కను" అని భార్య పైడమ్మ భీష్మించుకు కూర్చుంది. అందుకని అప్పలస్వామి ఆమెను వెంటబెట్టుకుని, కొత్తింటి ప్లానుతో మునిసిపాలిటీకి పోయి దరఖాస్తులు తీసుకునే యంత్రం ముందు నిలబడ్డాడు.

"పొయ్యి ఎందుకండి?" అంది యంత్రం తియ్యగా.

"పాలు పొంగించడానికి."

"పాలు పొంగితే ప్రమాదమండి. పొంగనివ్వని గిన్నె ఉచితంగా ఇస్తాం."

"పొంగాల. కొత్తింట్లో పొంగితేనే సుభం."

"కావాలని పొంగించడానికి అనుమతి లేదండి. గోడ మీద పాలు పొంగే బొమ్మ వేసి చూపిస్తాం."

అప్పలస్వామి యంత్రం మీదికి వంగాడు. "మరి నిప్పు దేనికిస్తావే?"

"చావుకేనండి. పాడె ముందు నడిచే నిప్పుకుండ కోసం ఇంట్లో ఒక పొయ్యి పెట్టుకోవచ్చు. పోయేవారి పేరు చెప్పండి."

పైడమ్మ గబుక్కున మొగుడి చెయ్యి పట్టుకుంది. "వద్దయ్యా, ఆ బొమ్మే సూద్దాం."

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "నా పేరే రాసుకో."

"ఎప్పుడండి?"

"పాలు పొంగాక."

"మా సంతాపం. ప్లాను మంజూరైంది," అంది యంత్రం, అదే తియ్యటి గొంతుతో.

అప్పలస్వామి బయటికొచ్చి, ఆ గుమ్మం పక్కనే కాండ్రించి ఉమ్మాడు.

"పద, పాలు ఎతుకుదాం," అన్నాడు పెళ్ళాంతో.