వెలగని గీత

ఆ రోజు మే తొమ్మిదో తారీఖు. కళ్లజోళ్ల షాపాయన మధ్యాహ్నం రెండు ఉడకబెట్టిన గుడ్లు పంచదార అద్దుకుని తిన్నాడు. ఉప్పు అనుకుని భార్య అది పొట్లం కట్టి పంపింది. ఆమెకి కంటి ఆపరేషన్ అయింది, ఈ మధ్యే పట్టీ తీశారు. గుడ్డు ఉడికింది కదా, అంతే చాలనుకున్నాడు.

డబ్బా మూత పెడుతుండగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చాడు.

“చలవ కళ్లద్దాలు కావాలండీ. చూడ్డానికి బాగుండాలి, ధర అందుబాటులో ఉండాలి, కళ్లకి మేలు చెయ్యాలి. మూడూ ఒకదాంట్లో దొరుకుతాయా?”

“పెళ్లి సంబంధాల్లో దొరకవు గానీ సార్, కళ్లద్దాల్లో దొరుకుతాయి.”

షాపాయన చలవ కళ్లద్దాల పెట్టె బయటికి తీశాడు. గుండ్రటివి పెట్టుకుంటే పెద్దమనిషి గుడ్లగూబలా ఉన్నాడు. అద్దంలో చూసుకుని ఆ మాట ఆయనే అన్నాడు. సన్నవి పెట్టుకుంటే ముఖం ఇంకా వెడల్పయింది.

“మీది గుండ్రటి ముఖం. నలుచదరం ఫ్రేము పెట్టండి. కనుబొమల్ని దాచకూడదు, బుగ్గల మీద కూర్చోకూడదు.”

పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పాడు.

“దీంట్లో నన్ను చూస్తే నలుగురూ నమ్ముతారంటారా?”

“బ్యాంకు మేనేజరు అనుకుంటారు.”

“అయితే ఇదే. మరి ఎండలో ఉండే పాడు కిరణాల్ని ఆపుతుందా?”

“స్టిక్కరు మీద ఉంది కదండీ.”

“స్టిక్కరుకేం, నా నుదుటి మీద అంటించినా అంటుకుంటుంది.”

షాపాయన నవ్వలేదు. కొన్నాళ్లుగా ఆయన్ని తొలుస్తున్నది అదే. ఈ పెట్టెలోదే ఒకటి భార్య పెట్టుకుంటోంది. ఉత్త నల్లద్దమైతే అసలు లేకపోవడమే నయమని డాక్టరు గట్టిగా చెప్పింది. చీకటనుకుని కంటిపాప పెద్దదవుతుందట, ఆగని కిరణాలన్నీ నేరుగా లోపలికి పోతాయట. ఆయన బీరువాలోని ఖరీదైనది తియ్యబోతే భార్య ఒప్పుకోలేదు. “మన సరుకు మనమే పెట్టుకోకపోతే, ఏ మొహంతో అమ్ముతారు?” అని, మూలలు పైకి తిరిగిన గోధుమరంగుది తనే ఏరుకుంది. అప్పట్నుంచీ అది పెట్టుకునే డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

“తేల్చుకోడానికి ఒక ఉపాయం ఉంది,” అన్నాడు పెద్దమనిషి. “నోట్లు అసలువో కావో చూసుకునే ఊదారంగు లైటు ఉందా?”

“నా దగ్గర లేదు. పక్క మందుల షాపులో ఉంది.”

“పట్టుకురండి.”

తెచ్చాడు. పెద్దమనిషి జేబులోంచి పెద్ద నోటు ఒకటి తీశాడు.

“నోటులో మామూలుగా కనపడని గీత ఉంటుంది. ఈ లైటు పడితే వెలుగుతుంది. మధ్యలో మీ అద్దం పెడదాం. గీత వెలిగిందా, అద్దం ఉత్తది. వెలగలేదా, బంగారం.”

వెలుతురు తగలకూడదని ఇద్దరూ కౌంటరు వెనక నేల మీద చతికిలబడ్డారు. పెద్దమనిషి నోటు పరిచి దాని మీద కళ్లజోడు బోర్లించాడు. షాపాయన లైటు పట్టుకున్నాడు. బేరం పోతే పోయింది, ఆయన భయం దాని గురించి కాదు. మీట నొక్కి కళ్లు మూసుకున్నాడు.

“తెరవండి. మీరే చూడకపోతే ఎలా?”

తెరిచాడు. అద్దం కింద నోటు నిద్రపోతున్నట్టు ఉంది. గీత లేదు.

“ఇంకోటి చూద్దామా?” అన్నాడు షాపాయన.

అదే పెట్టెలోంచి ఇంకో మూడు తీసి చూశారు. దేని కిందా గీత లేదు.

“అన్నీ బంగారమే,” అన్నాడు పెద్దమనిషి మోకాళ్లు దులుపుకుంటూ.

షాపాయన కాసేపు నేల మీదే ఉండిపోయాడు. తర్వాత లేచి, అడక్కుండానే ధర తగ్గించాడు. పెట్టుకోడానికి పెట్టె, తుడుచుకోడానికి మెత్తటి గుడ్డ ఊరికే ఇచ్చాడు. పెద్దమనిషి ఆ నోటే చేతిలో పెట్టి, చిల్లర చూసుకోకుండా జేబులో వేసుకుని, కొత్త కళ్లద్దాలతోనే ఎండలోకి దిగాడు. షాపాయన గుమ్మం దాకా వెళ్లి సాగనంపాడు. అలా వెళ్లడం ఆయనకి అలవాటు లేదు.

ఎండ తగ్గాక భార్య వచ్చింది. రోజూ షాపు కట్టేసి ఇద్దరూ కలిసే ఇంటికి నడుస్తారు.

“ఉప్పుకి బదులు పంచదార కట్టానని ఇందాకే చూశాను. గుడ్లు తిన్నారా, పారేశారా?”

“తిన్నాను. బాగానే ఉన్నాయి.”

“మీకు ఏది పెట్టినా బాగానే ఉంటుంది. మీతో అదే చిక్కు.”

“అది సరేలే. ఇలా వచ్చి కూర్చో. నీ కళ్లజోడు తియ్యి.”

ఆమెని కౌంటరు వెనక పీట మీద కూర్చోబెట్టాడు. గల్లాపెట్టెలోంచి ఆ నోటు తీసి, ఆమె కళ్లజోడు దాని మీద బోర్లించి, మందుల షాపుకి ఇంకా తిరిగి ఇవ్వని లైటు వేశాడు. మధ్యాహ్నం విన్నదంతా తనే కనిపెట్టినట్టు చెప్పాడు.

“ఏమైనా వెలుగుతోందా?”

“లేదు.”

“అదీ సంగతి.”

“ఏమీ కనపడనందుకు ఇంత సంబరమా? ఇన్నాళ్లూ నేను నిద్రపోతున్నాననుకుని నా కళ్లకేసి అలా చూస్తూ కూర్చుంటే, ఏమిటో అనుకున్నాను.”

ఆయన లైటు ఆర్పాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

“సరే, ఆ గీత వెలిగితే ఎలా ఉంటుందో అదీ చూపించండి. ఇప్పుడు నాకు సన్నవి కూడా బాగానే కనపడుతున్నాయి.”

షాపాయన కళ్లజోడు పక్కన పెట్టి, ఉత్త నోటు మీద లైటు వేసి, ఈ చివర నుంచి ఆ చివరకి జరిపి, తిరగేసి మళ్లీ జరిపి, ఎక్కడా ఏ గీతా వెలగకపోయేసరికి, లేచి వెళ్లి ఆ పూటకి షాపు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.